సూరమ్మ అనబడు విడిభాగం

శేషారత్నం కారు సైలెన్సరు ఊడిపడిన సంగతి గోపవరప్పేటలో ఒకరు ఒకరికి చెప్పనక్కర లేకపోయింది. మిట్టమధ్యాహ్నం రైల్వే గేటు దాటుతుండగా అది పట్టాల మీద ఖణేలుమని పడింది. గేటు మనిషి దాన్ని కర్రతో పక్కకి నెట్టి, చల్లారేదాకా ఆగి, గోనెగుడ్డలో చుట్టి తెచ్చి వెనక సీట్లో సాంబారు క్యారియర్ల పక్కన పెట్టాడు. పదిహేనేళ్ళు కారు కిందే బతికిన వస్తువు కారెక్కడం అదే మొదలు, అదే ఆఖరు.

కారంటే మరీ కారు కాదు. ముందు రెండు సీట్లు, వెనక ఒక బల్ల సీటు, ఆ వెనక బోలెడు చోటు ఉన్న పెట్టెలాంటి బండి. శేషారత్నం రోజూ పొద్దున్నే నాలుగు పొయ్యిల మీద వండి, నలభై ఆరు క్యారియర్లు సర్ది, తనే నడుపుకుంటూ జూనియర్ కాలేజీ మేష్టర్లకీ, ఆ పక్క బ్యాంకు వాళ్ళకీ అందించి వచ్చేది. భర్త గోవర్ధనరావు మార్కెట్ యార్డులో గుమాస్తా. మంచివాడు. ఏ కష్టం వచ్చినా "ఓ అర్జీ పెట్టుకుందాం" అనేవాడు. అందుచేత ఇల్లు గడవడం చాలావరకు బండి మీదే పడింది.

ఆ బండి చప్పుడు ఊరికి అలవాటు. సైలెన్సరుకి రెండేళ్ళుగా చిల్లు. డొగడొగమంటూ వచ్చి, గేరు మార్చినప్పుడల్లా ఒక దగ్గు దగ్గి, ఆపైన సన్నగా ఈల వేసేది. కాలేజీ అటెండరు దావీదు గడియారం చూసి గంట కొట్టడం ఏనాడో మానేశాడు. రైసుమిల్లు మలుపులో ఆ దగ్గు వినబడితే పన్నెండున్నర అయినట్టే. భోజనాల గంట కొట్టేసేవాడు. ప్రిన్సిపాల్ గారు ఆ గంట విని తన చేతి గడియారం సరిచేసుకునేవారు.

ఇంట్లో శేషారత్నం అత్తగారు సూరమ్మకి ఆ చప్పుడుతో ఇంకా పెద్ద అవసరం ఉంది. ఆవిడకి చక్కెర జబ్బు. తీపి ముట్టకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కోడలి బండి వీధి దాటగానే ఆవిడ బియ్యం డ్రమ్ములోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగున దాచిన బెల్లం అచ్చు బయటికి తీసేది. మళ్ళీ వీధి చివర డొగడొగ వినబడగానే అచ్చు బియ్యంలోకి దిగేది, ఆవిడ మూతి తుడుచుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చునేది. రెండేళ్ళలో ఒక్కసారి కూడా దొరకలేదు.

మెకానిక్ మస్తాను ఊడిన సైలెన్సరుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఇనుముగా ఉండటం మానేసి చాలా రోజులయిందక్కా అన్నాడు. కంపెనీ సరుకు కోసం మూడు ఊళ్ళకి ఫోన్లు చేశాడు. ఆ మోడలు బండ్లు చేయడం కంపెనీవాళ్ళు మానేసి తొమ్మిదేళ్ళయిందట, వాటి విడిభాగాలు మానేసి ఆరేళ్ళు. చివరికి వేరే కంపెనీ చేసిన కొత్త సైలెన్సరు ఒకటి తెప్పించి, గొట్టం నాలుగంగుళాలు కోసి, రెండు కొత్త పట్టీలు వేసి బిగించాడు. పాతదాన్ని పాత ఇనుము కొట్టుకి ఇచ్చేశాడు. శేషారత్నం తాళం తిప్పి, ఏమీ వినబడక, బండి స్టార్టవలేదేమిటని అడిగింది. అయి అయిదు నిమిషాలయిందన్నాడు మస్తాను.

ఆ రోజు ఆవిడ ఇంటికి పిల్లి గడప దాటినట్టు వచ్చింది. సూరమ్మ బియ్యం డ్రమ్ము పక్కన నేల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, బుగ్గలో బెల్లం చప్పరిస్తోంది.

"ఏంటత్తయ్యా ఇది?"

సూరమ్మ కళ్ళు తెరిచి, కోడల్ని చూసి, వీధిలోకి చూసి, మళ్ళీ కోడల్ని చూసింది. పులుసులోకి బాగుంటుందో లేదోనని రుచి చూస్తున్నానంది. ఆ రోజు పులుసు లేదు. ఆ మాట కోడలు అనేలోపే ఆవిడే అందుకుంది.

"సంసారం చేసుకునే ఆడది ఇంటికొస్తుంటే చప్పుడుండాలే రత్నం. దొంగ వచ్చినట్టు వస్తావేం?"

బెల్లం అచ్చు అల్మరాలోకి వెళ్ళింది. అల్మరా తాళం శేషారత్నం మెడలోకి వెళ్ళింది. సూరమ్మ ఆ క్షణం నుంచి కొత్త సైలెన్సరుకి శత్రువయింది.

శబ్ద క్రమశిక్షణ పక్షోత్సవాలు ఆ వారమే మొదలయ్యాయి. కుర్రకారు మోటారు సైకిళ్ళకి పేలుడు సైలెన్సర్లు పెట్టుకుని తిరుగుతున్నారనీ, ఉయ్యాల్లో పిల్లలు ఉలిక్కిపడుతున్నారనీ జనం మొత్తుకోగా మొత్తుకోగా ప్రభుత్వం కదిలింది. కదిలి, ఒక నిబంధన రాసి, ఆ నిబంధనకో కార్యాలయం పెట్టి, కార్యాలయానికో బోర్డు రాయించి, బోర్డు కింద ఏకాంబరం గారిని కూర్చోబెట్టింది. హోదా, శబ్ద క్రమశిక్షణాధికారి. అంతకు ముందు ఆయన ఇరవై రెండేళ్ళు పట్టుపురుగుల శాఖలో చేశారు. అక్కడ ఆకు నమిలే చప్పుడు తప్ప మరొకటి వినవలసిన అవసరం ఆయనకి రాలేదు.

నిబంధన చిన్నది. "ఏ వాహనమైనను తన ఆమోదిత శబ్దమునకు భిన్నమగు శబ్దమును చేయరాదు." అంతే.

పక్షోత్సవాల మొదటి రోజున మార్కెట్ సెంటర్లో తనిఖీ పెట్టారు. మొదట ఒక మోటారు సైకిలు వచ్చింది. దాని మోతకి కిళ్ళీ కొట్టులో సీసాలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. దాని మీదున్న యువకుడు కాయితం తీసి చూపించాడు. బండి షోరూము నుంచి వచ్చినప్పుడే అలా మోగుతూ వచ్చిందట. ఏకాంబరం గారు కాయితం చదివి, చెవుల్లో వేళ్ళు పెట్టుకునే, "యథాతథం" అని రాయించి పంపేశారు.

వెనకే శేషారత్నం బండి వచ్చింది. అది వస్తున్నట్టు కానిస్టేబులుకి తెలియలేదు. అద్దం మోచేతికి తగిలాక వెనక్కి తిరిగి, "చప్పుడు లేకుండా వచ్చింది సార్" అని ఫిర్యాదు చేశాడు. ఏకాంబరం గారు ప్యాంటు మడిచి, రోడ్డు మీద మోకాలు వేసి, బండి కిందికి చూశారు. తళతళలాడే సైలెన్సరు కనబడింది. దాని మీద బండి కంపెనీ ముద్ర లేదు. పక్షోత్సవాల్లో దొరికిన మొదటి ముద్దాయి అదే.

బండిని కార్యాలయం ఆవరణలోకి తోయించారు. లోపలున్న నలభై ఆరు క్యారియర్ల సంగతి ఏమిటన్న ప్రశ్న వచ్చింది. ఏకాంబరం గారు గంటసేపు ఆలోచించి ఒక ఉత్తర్వు చెప్పి రాయించారు: "తనిఖీ సమయమున వాహనమునందున్న సమస్తమును, అది అన్యులదని రుజువగు వరకు, వాహనములో భాగముగానే ఎంచవలెను." క్యారియర్ల మూతల మీద ఎవరి పేరు వాళ్ళకి రాసి ఉండటంతో అవి అన్యులవని రుజువై, మధ్యాహ్నం మూడింటికి విడుదలయ్యాయి. అప్పటికి సాంబారు ఏ సాంబారూ కాకుండా పోయింది.

మర్నాడు శేషారత్నం కార్యాలయానికి వెళ్ళింది. బల్లకి ఇవతల ఏకాంబరం గారి గుమాస్తా లూర్దుమేరి గారు కూర్చుని ఉంది. ఇంకో రెండేళ్ళలో రిటైరవబోయే మనిషి, ఏ ఫైలు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. బ్యాంకులో పనిచేసే తన తమ్ముడి ద్వారా నాలుగేళ్ళుగా శేషారత్నం క్యారియరే తెప్పించుకుంటోంది. నిన్న మధ్యాహ్నం పస్తు ఉంది కూడా.

"అమ్మా, మీ వాహనం శబ్దం మార్చుకున్నది," అన్నారు ఏకాంబరం గారు.

"తగ్గిందండి."

"తగ్గుట కూడా మార్పే."

"గోల చేయకూడదనే కదండీ ఈ ఉత్సవాలన్నీ?"

"అది ప్రజల ఉద్దేశం," అన్నారాయన, ఓపిగ్గా. "నిబంధనకి ఉద్దేశాలు ఉండవమ్మా. నిబంధన ఉంటుంది, అంతే."

పైగా నిశ్శబ్దం వల్ల జరిగిన నష్టానికి ఆయన దగ్గర ఆధారం ఉంది. కాలేజీ ప్రిన్సిపాల్ గారు రాసిన ఉత్తరం తీసి చదివి వినిపించారు. సదరు వాహనం చడీచప్పుడూ లేకుండా వచ్చుట వలన కళాశాల భోజన విరామము వరుసగా మూడు దినములు ఇరవై నిమిషములు ఆలస్యమైనదనీ, గణితశాస్త్ర ఉపన్యాసకులకు కళ్ళు తిరిగినవనీ ఆ ఉత్తరం సారాంశం.

శేషారత్నం అసలు కష్టం వేరే ఉంది. ఈ నెల ముప్పై ఒకటికి బండికి పదిహేనేళ్ళు నిండుతాయి. ఆ లోగా పరీక్షలో నెగ్గి బండి పుస్తకం పొడిగించుకోకపోతే దాన్ని తుక్కుకి తోలేస్తారు. ఇంకో బండి కొనే తాహతు లేదు. ఆ మాటే చెప్పుకుంది. అలాగైతే ఆమోదిత శబ్దాన్ని పునరుద్ధరించుకోమన్నారు ఏకాంబరం గారు. ఆమోదిత శబ్దమేదో ఆయన అప్పటికే ఫైల్లో పట్టుకున్నారు. రెండేళ్ళ కిందట జరిగిన పరీక్ష కాయితం అది. అందులో 'శబ్దము' అన్న చోట 'తృప్తికరము' అని రాసి, అప్పటి అధికారి సంతకం చేసి, ముద్ర కూడా కొట్టాడు.

"అప్పటికే దానికి చిల్లుందండి," అంది శేషారత్నం.

"ఉండవచ్చు. ఆ చిల్లుకి ప్రభుత్వ ఆమోదం ఉంది."

శేషారత్నం అక్కణ్ణించి లేచి తిన్నగా మస్తాను దగ్గరికి వెళ్ళింది. మస్తాను పాత ఇనుము కొట్టుకి పరిగెత్తాడు. ఆ సరుకు లారీ వెళ్ళి మూడు రోజులయిందట, ఈపాటికి ఎవరింటి స్లాబులోనో ఊచ అయి ఉంటుందన్నారు. పోనీ కొత్తదానికే మేకుతో ఓ చిల్లు పెట్టేస్తానన్నాడు మస్తాను. శేషారత్నం ఆ సంగతి అడగడానికి మళ్ళీ కార్యాలయానికి వెళ్ళింది. ఏకాంబరం గారు నొచ్చుకున్నారు. కొత్త చిల్లు కొత్త మార్పవుతుంది, అది రెండో నేరం. ప్రభుత్వం ఆమోదించింది ఆ చిల్లునే గాని చిల్లులన్నిటినీ కాదు.

శబ్దాన్ని కొలిచే యంత్రం ఒకటి కార్యాలయంలో ఉంది. అది ఎంత చప్పుడో చెబుతుంది గాని ఏ చప్పుడో చెప్పదు. కాబట్టి ఆ పాత శబ్దాన్ని ఎరిగిన సాక్షులు వచ్చి, అధికారి ఎదుట దాన్ని నోటితో నిరూపించాలని, అలా నిరూపితమైన శబ్దంతో బండిని పోల్చి చూడాలని నిర్ణయమయింది. ఇరవై తొమ్మిదో తేదీ పొద్దున పదిన్నరకి విచారణ. గోవర్ధనరావు ఓ అర్జీ పెట్టాడు. దానికి నంబరు వేసి ఇచ్చారు. ఆయన సాయంత్రమంతా ఆ నంబరు చూసుకుంటూ తృప్తిగా గడిపాడు.

ఈలోగా క్యారియర్లు ఆటోలో వెళ్ళాయి. ఆటో ప్రతి గతుకులోనూ ఎగిరింది. రసం పెరుగులోనూ, పెరుగు బంగాళాదుంప వేపుడులోనూ కలిసింది. బ్యాంకు మేనేజరు గారు మర్యాదస్తుడు, కోప్పడలేదు. ఒకటో తారీకు నుంచి వేరే చోట చూసుకుంటున్నామని మాత్రం కబురు చేశాడు. శేషారత్నం ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచింది. సూరమ్మ అది చూసింది. ఆ పూట అల్మరా వైపు చూడలేదు.

విచారణ రోజున శేషారత్నం అత్తగార్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. సాక్ష్యానికి కాదు. అల్మరా తాళం ఎంత గట్టిదో ఆవిడకి నమ్మకం లేదు.

మొదటి సాక్షి టైలరు గురవయ్య. బండి రోజూ ఆయన కొట్టు ముందు నుంచే వెళ్ళేది. ఆయన ఛాతీ నింపుకుని "ధన ధన ధన" అన్నాడు. రెండో సాక్షి రైల్వే గేటు మనిషి. అతను "బడా బడా బడా" అన్నాడు. ఏకాంబరం గారు రెండూ రాసుకుని, రెండింటికీ పోలిక లేదన్నారు. నలభై ఏళ్ళుగా మిషను చప్పుడులో బతికినవాడికి చెవులెక్కడివన్నాడు గేటు మనిషి. రైలుకీ కారుకీ తేడా తెలియనివాడు సాక్ష్యానికి రావడమేమిటన్నాడు గురవయ్య. మాటా మాటా పెరిగి, పొట్టి చేతుల చొక్కా ఒకటి పాడుచేసి ఇచ్చిన పాత సంగతి బయటికొచ్చింది. లూర్దుమేరి గారు ఇద్దరికీ మంచినీళ్ళు ఇచ్చి బయట కూర్చోబెట్టింది.

శబ్దం నిరూపితం కాలేదని ఏకాంబరం గారు రాయబోతుంటే, మూల బల్ల మీద నుంచి సూరమ్మ నోరు విప్పింది.

"వాళ్ళకేం తెలుసు బాబూ. వాళ్ళు ఊరికే విన్నారు. నేను కాచుకుని విన్నాను."

ఎందుకు కాచుకున్నారని ఏకాంబరం గారు అడిగారు. సూరమ్మ, కోడలు క్షేమంగా ఇల్లు చేరాలని ఆదుర్దా అంది. శేషారత్నం నేల చూపులు చూసింది. సూరమ్మ కిటికీ దగ్గరికి నడిచి, చెంగు బిగించి, బుగ్గల్నిండా గాలి పట్టి మొదలుపెట్టింది. డొగ, డొగడొగ, డొగడొగడొగ. మిల్లు ఎత్తు ఎక్కింది. మలుపు తిరిగింది. గేరు మారింది. ఖళ్ళుమని దగ్గింది. ఆ దగ్గు చివర, ముందు రెండు పళ్ళు లేని సందులోంచి, సన్నగా ఈల వచ్చింది.

రోడ్డుకి అవతల కాలేజీలో గంట మోగింది.

పొద్దున పదీ నలభై అయింది. దావీదుకి ఆ సంగతి పట్టలేదు. వారం రోజులుగా ఆ దగ్గు కోసం చెవులు రిక్కించుకుని ఉన్న మనిషి, వినబడగానే చెయ్యి దానంతటదే లేచింది. మూడు వందల మంది పిల్లలు డబ్బాలు పట్టుకుని వరండాల్లోకి వచ్చేశారు. ప్రిన్సిపాల్ గారు గదిలోంచి బయటికి వచ్చి, ఆకాశం వంక చూసి, చేతి గడియారాన్ని పన్నెండున్నరకి తిప్పుకోవడం కార్యాలయం కిటికీలోంచి స్పష్టంగా కనబడింది.

ఏకాంబరం గారు లేచి నిలబడ్డారు. స్వతంత్ర సాక్ష్యం, అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. పట్టుపురుగుల శాఖలో ఇరవై రెండేళ్ళు చేసినా ఇలాంటి రుజువు ఆయన ఎరగరు. సూరమ్మ నోటి శబ్దమే సదరు వాహనపు ఆమోదిత శబ్దమని అక్కడికక్కడే రాయించి సంతకం పెట్టారు.

తరవాత అందరూ ఆవరణలోకి వెళ్ళారు. బండి స్టార్ట్ చేశారు. అది నిద్రలో ఉన్న పసిపాపలా ఊపిరి తీసుకుంది.

"పోలలేదు," అన్నారు ఏకాంబరం గారు. "తిరస్కరించడమైనది."

శేషారత్నం బండి మెట్టు మీద కూలబడింది. పదిహేనేళ్ళుగా ఆ బండి స్టీరింగు మీద తన అరచేతులు అరగదీసిన చోటు నల్లగా మెరుస్తోంది. ఈ బండి కొన్న కొత్తలో ఆడది కారు నడుపుతోందని వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసేవాళ్ళు. ఇప్పుడు గుమ్మంలోకి ఎవరూ రారు, క్యారియరు ఆలస్యమైతే తప్ప. అదే ఆవిడ సంపాదించుకున్నది. రెండ్రోజుల్లో దాన్ని తుక్కు లారీ ఎక్కిస్తారు. ఆవిడ ఏడవలేదు గాని, ఏడవకుండా ఉండటానికి చాలా పని పడింది.

లూర్దుమేరి గారు లోపలికి వెళ్ళి ఫైలు తెచ్చింది.

"సార్, శబ్దం సైలెన్సరు నుంచే రావాలని నిబంధనలో లేదు సార్. వాహనం చేయాలి అని ఉంది."

"ఉన్నది. అయితే?"

"తనిఖీ సమయంలో వాహనంలో ఉన్నదంతా వాహనంలో భాగమే అని తమరి ఉత్తర్వు ఉంది. పక్షోత్సవాల మొదటి రోజున ఇచ్చారు." ఆవిడ సూరమ్మని రెక్క పట్టుకుని నడిపించి ముందు సీట్లో కూర్చోబెట్టి తలుపు వేసింది. "ఇప్పుడు తనిఖీ చేయండి సార్."

ఏకాంబరం గారు తన ఉత్తర్వు తనే రెండుసార్లు చదువుకున్నారు. అందులో దోషమేదీ కనబడలేదు. అన్యులదని రుజువైతే వేరు కదా అని అనుమానం వెలిబుచ్చారు. క్యారియర్ల మీద వేరేవాళ్ళ పేర్లున్నాయి సార్, ఈవిడకి ఉన్నది వాహన యజమాని ఇంటిపేరే అంది లూర్దుమేరి గారు. ఆయన కాసేపు ఆలోచించారు. సూరమ్మ అద్దం దించి, ఇంతకీ మొదలుపెట్టమంటారా వద్దా అని అడిగింది. మొదలుపెట్టమన్నారు. బండి తాళం తిప్పారు. బండి ఊపిరి తీసుకుంది, సూరమ్మ డొగడొగలాడింది, దగ్గింది, ఈల వేసింది. కాలేజీలో ఆ రోజుకి రెండోసారి భోజనాల గంట మోగింది.

వాహనం ఆమోదిత శబ్దం చేస్తున్నదని ఏకాంబరం గారు ఒప్పుకున్నారు. అయితే విడిభాగానికి జరపవలసిన పరీక్షలు జరపాల్సిందే అన్నారు. విడిభాగం కదలకుండా బిగించి ఉందా అని చూశారు. బెల్టు పెట్టి ఉంది. తయారీదారు పేరు అడిగారు. సూరమ్మ తన తండ్రి పేరు కోటయ్య అని చెప్పింది. తయారైన సంవత్సరం ఆధార్ కార్డులోంచి ఎక్కించారు. శబ్ద నిర్గమ వ్యవస్థలో భాగం కాబట్టి పొగ పరీక్ష తప్పదన్నారు. గొట్టం తెచ్చి ఆవిడ నోటి ముందు పెట్టారు. చుట్ట మానేసి పన్నెండేళ్ళయింది బాబూ, అని ఆవిడ గొట్టంలోకే చెప్పింది. పొగ లేదని తేలింది.

ఆఖరున లూర్దుమేరి గారు ఫారంలో మిగిలిన ఒక్క గడి చదివింది.

"పనితీరుకి వాడే కందెన ఏది?"

సూరమ్మ కోడలి వైపు చూసింది. మెడలో తాళం వైపు చూసింది. తరవాత అధికారి వైపు తిరిగింది.

"బెల్లం బాబూ. పొద్దున ఓ ముక్క, మధ్యాహ్నం ఓ ముక్క. లేకపోతే ఈల పలకదు."

శేషారత్నం నోరు తెరిచింది. చక్కెర జబ్బని చెబితే విడిభాగం లోపభూయిష్టం. విడిభాగం లోపభూయిష్టమైతే బండి తుక్కు. ఏకాంబరం గారు కలం పట్టుకుని ఆవిడ కేసే చూస్తున్నారు. గోవర్ధనరావు, దీనికి విడిగా ఓ అర్జీ పెట్టుకోవచ్చేమో అని గొణిగాడు.

"అవునండీ," అంది శేషారత్నం. "బెల్లమే."

బండి పుస్తకం ముప్పై ఒకటో తేదీ సాయంత్రం చేతికొచ్చింది. అయిదేళ్ళు పొడిగించారు. కింద ఎర్ర సిరాతో ఒక షరతు రాశారు: "సూరమ్మ అనబడు విడిభాగమును ముందు ఎడమ సీటునందు అమర్చుకొని మాత్రమే నడుపవలెను. మలుపులు, కూడళ్ళు, రైల్వే గేటు మరియు కళాశాల వద్ద శబ్దము తప్పనిసరి. కందెన: బెల్లం, దినమునకు రెండు ముక్కలు." బ్యాంకు మేనేజరు గారు వేరే చోట ఒక్కపూట తిని చూసి తిరిగొచ్చారు.

పై అధికారులు ఏకాంబరం గారి ఉత్తర్వుని మెచ్చుకుని జిల్లా అంతటికీ వర్తింపజేశారు. దానితో సైలెన్సరు మార్చిన ప్రతి బండివాడూ పాత చప్పుడు తెలిసిన మనిషి కోసం వెతుకులాటలో పడ్డాడు. ఇళ్ళల్లో మూల మంచాల మీద పడి ఉన్న తాతలకీ, నాయనమ్మలకీ ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. పొద్దున తొమ్మిదయ్యేసరికి గోపవరప్పేటలో ఏ బండి చూసినా ముందు సీట్లో ఓ పెద్దమనిషి బుగ్గలు పూరించి కూర్చుని కనబడేవారు. లారీ వర్తకుడు ఒకాయన మాత్రం తన మామగారితో పడలేక పాత సైలెన్సరే మళ్ళీ బిగించుకున్నాడు. షోరూము మోటారు సైకిళ్ళు వీటన్నిటి మధ్యనుంచి యథాతథంగా పేలుకుంటూ పోయేవి.

శేషారత్నం బండిలో బెల్లం డబ్బా స్టీరింగు పక్క అరలో ఉండేది. ముక్కలు ఆవిడే కొట్టేది. మొదటి వారం నిమ్మకాయంత, రెండో వారం ఉసిరికాయంత. నెల తిరిగేసరికి శనగగింజంత.

ఆ రోజు రైసుమిల్లు మలుపు వస్తుండగా సూరమ్మ అరచెయ్యి చాపింది. అందులో పడ్డదాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూసింది.

"కందెన తగ్గుతోందే రత్నం."

"కాయితంలో ముక్క అనే ఉంది అత్తయ్యా. ఎంత ముక్కో రాయలేదు."

సూరమ్మ ఆ మాట కాసేపు నెమరేసింది. బెల్లం నోట్లో వేసుకుంది. మలుపు వచ్చింది. ఆవిడ పెదవులు బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి మిల్లు గోడ మీద సినిమా పోస్టర్లు చదవసాగింది.

"అత్తయ్యా, మలుపు."

"చూశాను. శబ్దం చెయ్యాలనే రాశారు, ఎంత శబ్దమో రాయలేదు."

మలుపులో నిలబడ్డ కానిస్టేబులు చెవి ఇటు పెట్టాడు. జేబులోంచి పుస్తకం తీశాడు. కాలేజీ వరండాలో దావీదు గంట తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక నలభై ఆరు క్యారియర్లలో సాంబారు పొగలు కక్కుతోంది. శేషారత్నం బండి ఆపి, డబ్బా తీసి, అందులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద ముక్క వెతికింది. అత్తగారి చేతిలో పెట్టబోయి, ఆగి, పళ్ళతో సగానికి కొరికి, సగం తను నోట్లో వేసుకుని సగం ఇచ్చింది.

సూరమ్మ కోడలి బుగ్గ వంక చూసింది. బేరం బాగానే కుదిరిందనిపించింది కాబోలు, తన ముక్క తను వేసుకుని, చప్పరించి, ఛాతీ నింపుకుని ఖళ్ళుమని దగ్గింది. ఈల మిల్లు గోడకి తగిలి తిరిగొచ్చింది.

కాలేజీలో గంట మోగింది. ప్రిన్సిపాల్ గారు తన గడియారాన్ని రెండు నిమిషాలు వెనక్కి తిప్పుకున్నారు.